పేజ్‌మేకర్ నుంచి ఫోన్ దాకా: ఒక సేద్యం చేతిపుస్తకాన్ని వెబ్ రూపంలోకి తెచ్చిన పని

ప్రకృతి సేద్యం మీద తెలుగులో అచ్చయిన ఒక చేతిపుస్తకాన్ని ఫోన్‌లో హాయిగా చదువుకునేలా మార్చిపెట్టమని ఒక స్వచ్ఛంద సంస్థ మమ్మల్ని అడిగింది. పుస్తకం డెమ్మీ 1/8 సైజు, మూడు వందల పేజీల లోపు. విజయవాడలోని ఒక డీటీపీ సెంటర్‌లో పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7 సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేయించారు. చదివేవాళ్లు గుంటూరు, ప్రకాశం వైపు పల్లెల్లో రైతులకు పద్ధతులు నేర్పే కార్యకర్తలు. వాళ్లలో ఎక్కువ మంది స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన మహిళలు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యాన్ని ఊరూరా తీసుకెళ్తున్నప్పటి నుంచి ఇలాంటి పుస్తకాలకు గిరాకీ పెరిగింది. పొలం గట్టు మీద నిలబడి ఉన్నవాళ్ల దగ్గర మాత్రం పుస్తకం ఉండదు, ఫోన్ ఉంటుంది.

అప్పటికే సంస్థ పుస్తకం పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. దాన్ని ఎవరూ వాడటం లేదని వాళ్లకు ఆలస్యంగా తెలిసింది. కారణం ఒక కార్యకర్త మాటల్లోనే చెప్తాను: "అక్షరం కనపడాలంటే పెద్దది చెయ్యాలి. పెద్దది చేస్తే లైను సగమే ఉంటుంది. మిగతా సగం కోసం పక్కకి జరిపితే, ఏ లైను చదువుతున్నామో పోతుందండీ." పీడీఎఫ్ అంటే అచ్చు పేజీకి తీసిన నకలు. ఐదున్నర అంగుళాల వెడల్పు కాగితం మీద కుదురుగా కూర్చున్న లైను, రెండున్నర అంగుళాల తెర మీద కూర్చోదు. తెర ఎంత వెడల్పు ఉంటే లైను అంతకు సర్దుకోవాలి. ఆ పని వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ చేస్తుంది, దాన్నే మూటగట్టిన ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు చేస్తుంది, పీడీఎఫ్ చేయదు.

పీడీఎఫ్ నుంచి హెచ్‌టీఎంఎల్‌కు మార్చే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి కదా, ఇందులో పెద్ద పనేముంది అని మమ్మల్ని చాలామంది అడిగారు. ఇంగ్లీషు పుస్తకమైతే నిజంగానే లేదు. తెలుగు పుస్తకానికి అసలు పని అంతా హెచ్‌టీఎంఎల్ దగ్గరికి చేరకముందే ఉంటుంది. మా సమయంలో ముప్పావు వంతు అక్షరాలను అక్షరాలుగా వెనక్కి తెచ్చుకోవడానికే పోయింది. ఇలాంటి పని తలపెట్టే వాళ్లు ఖర్చు, గడువు ఆ లెక్కన వేసుకోవాలనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఫైల్లో నిజంగా ఉన్నదేమిటి

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే దాని ఆఖరి వెర్షన్. విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ అదే ఏడు. గౌతమి ఫాంట్‌తో విండోస్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంఖ్య ఉండే పద్ధతి, దాంతోనే వచ్చింది. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలీదు. అయినా మన ప్రెస్సులు ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్నే పట్టుకుని ఉన్నాయి. ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన కీబోర్డు, పేజీ మేకప్‌లో వచ్చిన వేగం, అను ఫాంట్ల అందం, అన్నీ అందులోనే ఉన్నాయి మరి. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. తెలుగు పుస్తక ప్రపంచం రెండు దశాబ్దాల పాటు ఆ చేతుల మీదుగానే నడిచింది.

అలాంటి ఫైల్లో 'క' అనే అక్షరం ఉండదు. 'క' ఆకారం గీసిన బొమ్మ ఒకటి, ఇంగ్లీషు ఫాంట్‌లో ఇంకేదో గుర్తు ఉండాల్సిన గదిలో కూర్చుని ఉంటుంది. ఒక ఫాంట్‌కు ఉన్నవి 256 గదులే, వాటిలో కొన్ని వాడుకోవడానికి పనికిరావు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపితే అంతకు ఎన్నో రెట్లు ఆకారాలు కావాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: తలకట్టు ఒక ముక్క, గుడి పెట్టిన హల్లు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. ఆపరేటర్ కొట్టిన మీటలను బట్టి ఆ ముక్కలు పక్కపక్కన చేరి కంటికి అక్షరంలా కనిపిస్తాయి. కాగితం మీదికి వెళ్లే దానికి అంతకన్నా అక్కర్లేదు. ఫోన్‌కు మాత్రం అది చాలదు. ఆ ఫాంట్ లేని చోట ఈ ఫైలు తెరిస్తే వచ్చేవి ఇంగ్లీషు, ఫ్రెంచి గుర్తుల కుప్ప.

ఈ ముక్కలను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. దినపత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచిన రోజుల్లో పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఇదే పని చేసేది, ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయితే ముక్కకు ముక్క మార్చేస్తే సరిపోదు, వరస మారాలి. ఈ పుస్తకంలో వందలసార్లు వచ్చే 'విత్తనశుద్ధి' అనే మాటే తీసుకోండి. పాత ఫైల్లో 'ది' అనే ముక్క ముందు, దాని కింద తగిలించిన ధ ఒత్తు తర్వాత వస్తాయి, ఎందుకంటే రాసే చెయ్యి అలాగే వెళ్తుంది. యూనికోడ్‌లో పలికే వరస కావాలి: ద, పొల్లు, ధ, ఆ తర్వాతే గుడి. వరస మార్చకుండా ఉన్నది ఉన్నట్టు దించితే 'విత్తనశుది్ధ' అవుతుంది. నెట్‌లో పాత వ్యాసాలు చదివే వాళ్లందరికీ ఈ రూపం బాగా తెలుసు. గుడి, పొల్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒత్తు కావాల్సినది పక్కన నిండు హల్లుగా నిలబడుతుంది.

సంస్థ అంతకుముందు ఎక్కడో మార్పించుకున్న వర్డ్ ఫైలు ఒకటి మాకు ఇచ్చింది. దాన్నిండా ఇవే. దాన్ని దిద్దుకుంటూ పోవడం కన్నా మూలం నుంచి మళ్లీ మొదలుపెట్టడమే మేలని మొదటి అధ్యాయంలోనే తేలిపోయింది. తప్పులు ఎక్కువున్నందుకు ఆ నిర్ణయం తీసుకోలేదు. ఏ తప్పు ఎక్కడ పుట్టిందో ఆ ఫైలు చూసి చెప్పలేం, అదీ కారణం.

ఫాంట్ పేరు పోగొట్టుకోకూడదు

పేజ్‌మేకర్ నుంచి టెక్స్ట్ బయటికి తీసేటప్పుడు సాదా టెక్స్ట్‌గా తీయకండి. ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పగలిగిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. సాదా టెక్స్ట్‌లో ఫాంట్ పేర్లు పోతాయి. ఫాంట్ పేరు పోతే ఏది తెలుగో ఏది ఇంగ్లీషో చెప్పే దారి ఉండదు, ఎందుకంటే రెండూ అవే గదుల్లో ఉన్నాయి. మట్టి పరీక్ష అధ్యాయంలో 'పీహెచ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది కన్వర్టర్ చేతిలో పడితే రెండు అర్థంలేని తెలుగు ముక్కలవుతుంది. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. అంకెల పక్కనుండే గుర్తుల సంగతి అలా కాదు.

జీవామృతం తయారీ చూడండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 5–10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో ఐదుకూ పదికీ మధ్య ఉన్న చిన్న గీత సాధారణ హైఫన్ కాదు, దాన్ని ఎన్‌డాష్ అంటారు. అది ఇంగ్లీషు ఫాంట్‌లో పైవరస గదుల్లో ఉంటుంది. తెలుగు ఫాంట్‌లో అదే గదిలో ఒక తెలుగు ముక్క ఉంటుంది. ఇప్పుడు ఫైలును ఆర్‌టీఎఫ్‌గా, అంటే ఫాంట్ పేర్లను కూడా దాచుకునే రూపంలో, బయటికి తీశామనుకుందాం. ఆర్‌టీఎఫ్ ఆ గదిని అంకెతో రాయదు, 'ఎన్‌డాష్' అని పేరుపెట్టిన ఒక ఆజ్ఞగా రాస్తుంది. కోట్ గుర్తులు, బుల్లెట్ చుక్క, పొడుగు గీత, వీటన్నిటిదీ ఇదే కథ. అంకెలుగా రాసిన గదులను మాత్రమే చదివే కన్వర్టర్ ఈ ఆజ్ఞలను వదిలేస్తుంది. ఫలితం రెండు రకాలు: తెలుగు వాక్యాల్లో ఉన్నట్టుండి ఒక ఒత్తో, ఒక గుణింతమో మాయం. అంకెల దగ్గర గీత మాయం.

సంస్థ ఇచ్చిన ఆ వర్డ్ ఫైల్లో జీవామృతానికి '510 లీటర్ల ఆవుమూత్రం' అని ఉంది.

జీవామృతం విషయంలో దాన్ని ఎవరూ నమ్మరు, అంత మూత్రం ఎక్కడ దొరుకుతుంది అని ఆగుతారు. కానీ కషాయాల అధ్యాయంలో '2–3 రోజులు మురగబెట్టాలి' అన్నది '23 రోజులు' అయితే నమ్మేస్తారు. '2½ కిలోలు' అన్న దాంట్లో అర గుర్తు పోయి '2 కిలోలు' మిగిలితే అసలు ఎవరికీ అనుమానమే రాదు. సాహిత్యానికీ చేతిపుస్తకానికీ ఇక్కడే తేడా. కథలో ఒక ఒత్తు పోతే పాఠకుడు సర్దుకుంటాడు. మోతాదులో గీత పోతే పంట మీద పడుతుంది.

అందుకని మేం చేసింది ఇది. ఆర్‌టీఎఫ్‌లో ప్రతి ముక్కకూ ఏ ఫాంట్ వేశారో చదివి, తెలుగు ఫాంట్ ఉన్న ముక్కలను మాత్రమే మార్పిడి పట్టికలోకి పంపాం. ఆ ముక్కల్లో ఎన్‌డాష్, కోట్ లాంటి ఆజ్ఞలు కనిపిస్తే వాటిని ముందు మళ్లీ గది అంకెలుగా మార్చి, ఆ గదిలో ఉన్న తెలుగు ముక్కగా తీసుకున్నాం. ఇంగ్లీషు ఫాంట్ ముక్కల్లో అవే ఆజ్ఞలు వస్తే గీతను గీతగానే ఉంచాం, అర లాంటి గుర్తులనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. మార్పిడి పట్టికలో పొడుగు వరసలను ముందు, పొట్టి వాటిని తర్వాత పోల్చాలి. 'మ', 'య', 'ఘ' లాంటివి చాలా పాత ఫాంట్లలో రెండు ముక్కలు కలిస్తే తయారవుతాయి కాబట్టి, ఒక్కో ముక్కను విడిగా మార్చుకుంటూ పోతే 'మ' కాస్తా 'వు' అయి కూర్చుంటుంది.

పొల్లు, ఐత్వం

వరస సరిచేశాక కూడా రెండు చిక్కులు మిగిలాయి. రెండూ ఇంగ్లీషు పుస్తకంలో ఎదురుకానివి కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

మొదటిది పొల్లు. 'స్ప్రేయర్‌తో' అని అచ్చు పుస్తకంలో ఉంది, ర పొల్లు విడిగా, 'తో' విడిగా. పాత ఫైల్లో ఇది పొల్లు పెట్టిన ర ముక్క, పక్కన తో ముక్క. ఇబ్బంది లేదు, అవి కలవవు. యూనికోడ్‌లో ర, పొల్లు, త అని వరసగా రాస్తే ఫోన్ వాటిని కలిపేసి 'స్ప్రేయర్తో' అని చూపిస్తుంది. 'మార్కెట్‌లో' కాస్తా 'మార్కెట్లో' అవుతుంది, అది వాడుకలో ఉన్నదే కాబట్టి ఫరవాలేదు. 'సూపర్‌ఫాస్ఫేట్' మాత్రం 'సూపర్ఫాస్ఫేట్' అయితే కొత్తగా చదివేవాళ్లు కూడబలుక్కోవాలి. మాటల్ని విడగొట్టి ఉంచడానికి యూనికోడ్‌లో కంటికి కనపడని ఒక గుర్తు ఉంది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. పొల్లు తర్వాత అది పెడితే హల్లులు కలవవు. పాత ఫైళ్లు ఇక్కడ మనకు ఒక మేలు చేస్తాయి. ఆపరేటర్ ఒత్తు కావాలనుకుంటే ఒత్తు ముక్క కొట్టాడు, పొల్లు కావాలనుకుంటే పొల్లు ముక్క కొట్టాడు. కాబట్టి మాట మధ్యలో పొల్లు ముక్క ఉండి, తర్వాత హల్లు వస్తే, అక్కడ ఈ గుర్తు పెట్టాల్సిందే. ఊహించాల్సిన పని లేదు.

అదే గుర్తు ఉండకూడని చోట ఉన్నా చిక్కే. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేసిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి గుర్తుందా? అది 'జ్ఞా'. దాని లోపల, ఞ కూ దీర్ఘానికీ మధ్య, ఈ కనపడని గుర్తు ఇరుక్కుని ఉంది. ఐఓఎస్ 11.2.6లో యాపిల్ దాన్ని సరిచేసింది. ఇప్పుడు ఏ ఫోనూ దానివల్ల ఆగిపోదు గానీ, దారితప్పిన గుర్తుల వల్ల వెతుకులాట చెడుతుంది, గుణింతాలు విడిపోయి చుక్కలతో గీసిన వలయాలు కనిపిస్తాయి. అందుకే పొల్లుకూ హల్లుకూ మధ్య తప్ప ఇంకెక్కడ ఈ గుర్తు ఉన్నా తీసెయ్యమని చివర్లో ఒక నియమం పెట్టాం.

రెండోది ఐత్వం. పాత ఫాంట్లలో 'రై' అంటే ఎత్వం పెట్టిన ర, దాని కింద ఐత్వపు తోక. యూనికోడ్‌లోనూ దీన్ని రెండు విధాలుగా రాయొచ్చు: ఐత్వం మొత్తాన్ని ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, తోక అని రెండు గుర్తులుగా. కంటికి రెండూ ఒకటే. మన కీబోర్డులు కొట్టేది మొదటి రూపం, కన్వర్టర్ నుంచి సూటిగా వచ్చేది రెండోది. మేం పేజీలో పెట్టిన సెర్చ్ బాక్స్‌లో 'రైతు' అని కొడితే ఒక్క ఫలితం రాలేదు. వ్యవసాయం పుస్తకంలో రైతు దొరకలేదు! 'పైరు', 'నైట్రోజన్' కూడా అంతే. దీనికి విరుగుడు తేలికే. యూనికోడ్‌లో ఎన్ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపం ఉంది, ఫైలంతా ఒకసారి దానిలోకి మారిస్తే రెండు గుర్తులు ఒకటవుతాయి. తేలికే కానీ, చేయకపోతే ఏ ప్రూఫ్‌రీడరూ దీన్ని పట్టుకోలేడు. చూడ్డానికి తప్పేమీ కనపడదు కదా.

ఫైలు దొరకని అధ్యాయాలు

ఒక సీడీ పాడైపోవడంతో చివరి రెండు అధ్యాయాలకు పేజ్‌మేకర్ ఫైలే లేదు. అచ్చు పేజీలను స్కాన్ చేసి, ఆ బొమ్మల్లోని అక్షరాలను యంత్రంతో చదివించాం, దీన్నే ఓసీఆర్ అంటారు. తెలుగు ఓసీఆర్ ఈ మధ్య బాగా మెరుగుపడింది. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ కూడా 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతికి మారింది, శుభ్రమైన అచ్చయితే నమ్మకంగానే చదువుతుంది. అది పొరబడే చోట్లు మాత్రం కన్వర్టర్ పొరబాట్ల లాంటివి కావు. 'ప' 'వ'గా, 'మ' 'వు'గా, 'ధ' 'థ'గా మారతాయి, అంటే తప్పయినా చదవడానికి మామూలు తెలుగు మాటలాగే ఉంటాయి. 'పంట', 'వంట' రెండూ మాటలే. అన్నిటికన్నా పెద్ద చిక్కు సున్న. అంకెల సున్న, తెలుగు అంకెల్లోని సున్న, 'పుస్తకం'లోని పూర్ణానుస్వారం, మూడూ ఒకే గుండ్రం. అంకెల పక్కన అనుస్వారం ఉన్నా, తెలుగు అక్షరం పక్కన అంకె సున్న ఉన్నా పట్టిచ్చే చిన్న స్క్రిప్టు రాసుకుని, అది చూపించిన ప్రతి చోటునీ కంటితో చూశాం.

పట్టికలు

ఇక అమరిక. అచ్చు పుస్తకానికి గుండెకాయ అనదగ్గవి చీడపీడల పట్టికలు. ఐదు నిలువు వరసలు: పురుగు, లక్షణం, ఏ దశలో, ఏం చల్లాలి, ఎంత. సాధారణ ఆండ్రాయిడ్ ఫోన్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు బ్రౌజర్ లెక్కలో 360 పిక్సెళ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఐదు వరసలకు పంచితే ఒక్కోదానికి డెబ్బై చిల్లర. 'కాండంతొలుచు పురుగు' అన్న మాట అందులో పట్టదు, నాలుగు లైన్లకు విరుగుతుంది.

పట్టికను పక్కకు జరుపుకునేలా పెట్టడం అందరూ చేసే పరిష్కారం. మేం దాన్ని పక్కన పెట్టాం. పీడీఎఫ్‌లో ఏ కష్టం ఉందో అదే కష్టం మళ్లీ వస్తుంది. పైగా మోతాదు వరస చివర్న ఉంటుంది కాబట్టి, పక్కకు జరిపాక పురుగు పేరు తెర మీద ఉండదు. ఏ పురుగు పక్కన ఏ మోతాదు ఉందో కలగాపులగం అయ్యే అవకాశం ఎక్కువ. అందుకని చిన్న తెర మీద పట్టికలోని ఒక్కో అడ్డువరస ఒక చీటీలా మారేటట్టు సీఎస్ఎస్, అంటే పేజీ అమరికను చెప్పే ఆజ్ఞలు, రాశాం. పైన పెద్దక్షరాల్లో 'పత్తిలో పచ్చదోమ'. కింద 'ఎలా గుర్తించాలి: ఆకుల అంచులు ముందు పసుపుపచ్చగా, తర్వాత ఎర్రగా మారతాయి'. దాని కింద 'ఏం చల్లాలి: వేపనూనె'. ఆ కింద 'ఎంత: లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు'. శీర్షికలు ప్రతి చీటీలోనూ మళ్లీ కనిపిస్తాయి. అదే పేజీని కంప్యూటర్‌లో తెరిస్తే మామూలు పట్టికే వస్తుంది. కింద హెచ్‌టీఎంఎల్ ఒకటే, అది నిజమైన పట్టికే. పట్టికను బొమ్మగా పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొమ్మలో వెతకలేం, పెద్దది చేస్తే మసకబారుతుంది, ఫోన్ చదివి వినిపించలేదు.

చదివి వినిపించడం అన్న మాట వచ్చింది కాబట్టి: కళ్లజోడు లేనిదే చదవలేని కార్యకర్తలు కొందరు ఫోన్‌తో చదివించుకుని వింటున్నారు. పేజీ పైన భాష తెలుగు అని ప్రకటించకపోతే ఆ గొంతు తెలుగును ఇంగ్లీషు అనుకుని తడబడుతుంది. 'మి.లీ.', 'గ్రా.', 'హె.' లాంటి పొట్టి రూపాలను అక్షరం అక్షరం చదువుతుంది, మధ్యలో వాక్యం అయిపోయినట్టు ఆగుతుంది. కాగితం మీద జాగా కోసం కుదించిన ఇలాంటి మాటలన్నిటినీ పూర్తిగా విప్పి రాశాం. ఫోన్‌లో జాగాకు కరువు లేదు.

'45వ పేజీ చూడండి', 'పక్క పేజీలోని పటం', 'పై పట్టికలో చెప్పినట్టు' లాంటివి పుస్తకమంతా ఉన్నాయి. పేజీలే లేని చోట వీటికి అర్థం లేదు. ఒక్కోదానికి అది చూపించే చోటు వెతికి లింకు పెట్టాం, వాక్యాన్ని 'బీజామృతం తయారీ చూడండి' అని మార్చాం. ఇది యంత్రం చేసే పని కాదు, పుస్తకం చదివిన మనిషి కూర్చుని చేయాల్సిందే. వాక్యాలు మార్చాం కాబట్టి సంస్థ నుంచి ప్రతి మార్పుకూ ఆమోదం తీసుకున్నాం.

కంటికి ఎలా కనిపించాలి

ఫాంట్ విషయంలో మాలో మాకే వాదన జరిగింది. సంస్థ వాళ్లకు అచ్చులోని అందమైన శీర్షికల ఫాంట్లు ఫోన్‌లోనూ కావాలి. రామభద్ర, మండలి లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి, శీర్షికలకు రామభద్ర పెట్టాం. వాడే అక్షరాలు మాత్రమే ఉంచి ఫాంట్ ఫైలును చిన్నది చేసేటప్పుడు ఒత్తులను కూర్చే నియమాల పట్టికలు తీసేయకుండా చూసుకోవాలి, లేకపోతే అక్షరాలన్నీ ఉన్నా ఒత్తులు పడవు. చదివే పాఠానికి మాత్రం ఫోన్‌లో ఉన్న ఫాంటే చాలన్నాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఆండ్రాయిడ్‌లో ఉండే నోటో తెలుగు స్పష్టంగా ఉంటుంది. సిగ్నల్ సరిగా రాని ఊళ్లో ఫాంట్ దిగేదాకా పాఠకుణ్ణి ఖాళీ తెర ముందు కూర్చోబెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు పేజీల్లో ఉన్నంత పెడితే పై లైను ఒత్తులు, కింది లైను గుడులు ఒకదాన్నొకటి తాకుతాయి. 'స్త్రీ' లాంటి మాట కింద 'క్షీ' వచ్చిందంటే చూడండి. మేం అక్షరం సైజుకు 1.7 రెట్లు పెట్టాం. రెండు వైపులా అంచులు సమంగా వచ్చే అమరిక తీసేశాం. తెలుగు మాటలు పొడుగు, తెర సన్నం, సమం చేయబోతే మాటల మధ్య గోతులు పడతాయి. ఎండలో చూస్తారు కాబట్టి తెలుపు మీద నిండు నలుపు. బూడిదరంగు అక్షరాలు ఆఫీసులో అందంగా ఉంటాయి, పొలంలో కనపడవు.

ఫొటోలు అచ్చు కోసం తీసిన పెద్ద ఫైళ్లు, రంగులు కూడా ప్రెస్సు లెక్కలో ఉన్నవి. తెర రంగుల్లోకి మార్చి వెబ్‌పీ అనే చిన్న బొమ్మ ఫైళ్లుగా కుదించాం. పురుగు ఆనవాలు పట్టాల్సిన ఫొటోలను మాత్రం నొక్కితే పెద్దగా తెరుచుకునేలా విడిగా ఉంచాం. రసం పీల్చే పురుగు కాళ్లు కనపడకుండా కుదిస్తే ఆ ఫొటో ఉండీ దండగే.

వెబ్ పేజీయా, ఈపబ్బా

రెండూ ఇచ్చాం. మూలం ఒక్కటే, అధ్యాయానికో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఫైలు. అవే సైటుగా వెళ్తాయి, వాటినే మూటగడితే ఈపబ్. ఈపబ్ అంటే లోపల వెబ్ పేజీలే, పైన జిప్ మూట, దాంతోపాటు విషయసూచిక, ఏ ఫైలు తర్వాత ఏది అని చెప్పే పట్టీ. మూటలో మొదట ఉండాల్సిన చిన్న ఫైలును కుదించకుండా పెట్టాలన్న నియమం మరచిపోతే కొన్ని యాప్‌లు తెరవవు. ఈపబ్‌చెక్ అనే ఉచిత పరికరం ఇలాంటివన్నీ చెప్పేస్తుంది.

కార్యకర్తలు ఎక్కువగా వాడుతున్నది సైటునే. ఈపబ్‌కు ఒక యాప్ కావాలి, ఆ ఫైలు నొక్కితే ఏం తెరుచుకుంటుందో ఫోన్‌కో తీరుగా ఉంటుంది. వెబ్ లింకు వాట్సాప్‌లో నొక్కితే తెరుచుకుంటుంది, అంతే. ఒకసారి తెరిచిన అధ్యాయాలు నెట్ లేకపోయినా కనిపించేలా, వాటిని ఫోన్‌లోనే దాచిపెట్టే సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టాం. జిల్లా సమన్వయకర్తలు, పుస్తకం మొత్తం వరసగా చదివేవాళ్లు మాత్రం ఈపబ్‌నే ఇష్టపడుతున్నారు. ఆపిన చోటు గుర్తుంటుంది, గీతలు గీసుకోవచ్చు.

ప్రూఫులు

ముందు యంత్రం చేయగలిగినవి. గుణింతపు గుర్తు తర్వాత పొల్లు రాకూడదు. గుణింతం మీద గుణింతం రాకూడదు. సున్న తర్వాత గుణింతం రాకూడదు. మాట గుణింతపు గుర్తుతో మొదలవకూడదు. ఈ నాలుగు వెతికితే మార్పిడి లోపాల్లో చాలా భాగం వలలో పడతాయి. తర్వాత పుస్తకంలోని మాటలన్నీ ఎన్నిసార్లు వచ్చాయో లెక్క తీసి, ఒక్కసారే వచ్చిన మాటల జాబితా చూశాం. తెలుగులో విభక్తుల వల్ల ఆ జాబితా చాంతాడంత ఉంటుంది, అయినా చూడటం దండగ కాదు. వింత రూపాలన్నీ అక్కడే దాక్కుంటాయి.

మనుషుల ప్రూఫు పాత పద్ధతిలోనే. రిటైరైన తెలుగు మాస్టారు అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదువుతుంటే, మా దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్‌లో చూస్తూ వెళ్లింది. కంప్యూటర్‌లో చూడవద్దని ముందే అనుకున్నాం. పాఠకుడు చూసేదే ప్రూఫురీడరూ చూడాలి. అంకెల కోసం రెండోసారి కూర్చున్నారు, ఆ విడత వాక్యాలు వదిలేసి అంకె, గుర్తు, కొలమానం మాత్రమే. "ఐదు గీత పది లీటర్లు", "రెండున్నర కిలోలు", "సున్నా చుక్క ఐదు శాతం" అని మాస్టారు గీతనూ చుక్కనూ కూడా పలుకుతూ చదివారు. "మాస్టారూ, ఇక్కడ చుక్క లేదండీ" అని ఆ అమ్మాయి ఆపినప్పుడల్లా ఆర్‌టీఎఫ్‌లోకి వెళ్లి కారణం చూశాం, దొరికిన కారణాన్ని కన్వర్టర్‌లో దిద్ది మొత్తం మళ్లీ నడిపాం. ఫైలును చేత్తో దిద్దితే ఆ ఒక్క చోటే బాగుపడుతుంది. కన్వర్టర్‌ను దిద్దితే ఇంకా ఎవరూ చూడని చోట్లు కూడా బాగుపడతాయి.

ఊళ్లో కార్యకర్తల చేతికి ఇచ్చి చూసినప్పుడు వచ్చిన మొదటి కోరిక మేం ఊహించనిది. అధ్యాయాలు అచ్చులో ఉన్న వరసలో కాక, పంటను బట్టి కావాలన్నారు. వరి ముందు, మిరప ముందు, తమ ఊళ్లో ఏది ఉంటే అది. అచ్చు పుస్తకం పద్ధతిని బట్టి నడుస్తుంది: విత్తనం, నేల, కషాయాలు, చీడపీడలు. పొలంలో నిలబడ్డ మనిషి పంటను బట్టి అడుగుతాడు. పుస్తకాన్ని కదిలించకుండా, ముందు పేజీలో పంటల పేర్లు పెట్టి, ఒక్కోదాని కింద పుస్తకంలో ఆ పంట గురించి ఉన్న చీటీలకు, పేరాలకు లింకులు ఇచ్చాం. వెనకున్న అకారాది సూచికలోని పేజీ అంకెలే దీనికి ఆధారం. ఆ సూచిక తయారుచేసిన వాళ్లెవరో గానీ చాలా శ్రద్ధగా చేశారు.

ఇప్పుడు సంస్థ కొత్త ముద్రణకు సిద్ధమవుతోంది. ఈసారి దిద్దుబాట్లన్నీ మేం తయారుచేసిన యూనికోడ్ మూలంలోనే జరుగుతున్నాయి. అచ్చు కోసం దాన్నే ఇన్‌డిజైన్ అనే పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకుంటున్నారు, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకుంటే తెలుగు ఒత్తులు సరిగానే పడుతున్నాయి. డీటీపీ ఆపరేటర్ తన అలవాటు కీబోర్డు మీదే యూనికోడ్ కొట్టేలా అమర్చుకున్నాడు. మిగిలి ఉన్నది బొమ్మల్లోని అక్షరాలు. కంపోస్టు గుంత కొలతలు, ఐదంచెల తోట నమూనా లాంటి పటాల్లో తెలుగు మాటలు ఇంకా బొమ్మలో భాగంగానే ఉన్నాయి, పెద్దది చేస్తే మసకబారుతున్నాయి. వాటిని ఎంత పెద్దవి చేసినా మసకబారని ఎస్‌వీజీ బొమ్మలుగా మళ్లీ గీయించాలి. కొలతలున్న పటాలతో మొదలుపెట్టాం.